నాడి మన చేతిలో ఉంటుందా?

ఆయన వైద్య కళాశాలలో ఫిజియాలజీ బోధించి రిటైరైన మనిషి. ఆమె ఆయన చెల్లెలి కూతురు, విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టు. ఆందోళనతో, గుండె దడతో వచ్చేవాళ్ళకు బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఇస్తుంది. చెవికి చిన్న క్లిప్పు తగిలిస్తారు. గుండె వేగం క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా కనిపిస్తుంది. ఆ గీతను చూసుకుంటూ దాన్ని మార్చుకోవడం నేర్చుకోవాలి. శిక్షణ అంటే అదే. ఇది శాస్త్రమా, ముస్తాబు చేసిన నమ్మకమా అన్నచోట మావయ్యకూ మేనకోడలికీ ఎప్పుడూ పేచీయే. ఇవాళ చేతి వాచీ చూసుకుని తన పల్స్ ఎంతో చెప్పగలిగేవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. అందుకని వాళ్ళ వాదన నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మావయ్య: ముందు ఒక్క సంగతి తేల్చు తల్లీ. నువ్వు నేర్పేది గుండెను అదుపు చేయడమా, ఊపిరి తీయడమా?

మేనకోడలు: ఊపిరి ద్వారా గుండెను, మావయ్యా. అందులో దాపరికమేం లేదు.

మావయ్య: దాపరికం లేకపోతే బోర్డు మీద కూడా అలాగే రాయాలి. గుండె ఎవరి ఆజ్ఞతోనూ కొట్టుకోదు. కుడి కర్ణికలో సైనస్ నోడ్ ఉంది, లయ అక్కడే పుడుతుంది. నరాల ప్రభావం మొత్తం మందులతో తీసేసి చూస్తే పడుచువాళ్ళ గుండె నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకుంటుంది. కూర్చుని ఉన్నప్పుడు అది 70 దగ్గర ఉంటోందంటే వేగస్ నరం నిమిష నిమిషమూ దాన్ని లాగి పట్టి ఉంచబట్టే. సింపథెటిక్ నరాలు తోస్తే వేగం పెరుగుతుంది. ఈ రెంటిలో ఏదీ మన ఇష్టానికి లోబడి లేదు. ‘తగ్గు’ అని మనసులో అనుకుంటే సైనస్ నోడ్‌కి వినపడదు.

మేనకోడలు: మీరు చెయ్యి ఎత్తేటప్పుడు మాత్రం ఏ కండరం ఎంత ముడుచుకోవాలో ఆజ్ఞ ఇస్తున్నారా? ఎత్తాలనుకుంటారు, చెయ్యి లేస్తుంది. మధ్యలో జరిగేది మీకు తెలియదు. అయినా దాన్ని అదుపు అనే అంటున్నాం.

మావయ్య: చెయ్యి ఎత్తడానికి నేను వేరే ఇంకేదో చెయ్యనక్కర్లేదు. గుండె విషయంలో చెయ్యాలి. అసలు తగాదా అక్కడే. మన దేశంలోనే దీన్ని పరీక్షించారు, నీకు తెలుసు. అమెరికా నుంచి వెంగర్, బాగ్చీ వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి ఆనంద్ వాళ్ళతో కలిశారు. గుండెను ఆపగలమన్న యోగులకు ఈసీజీ తగిలించి చూశారు. 1961లో ‘సర్క్యులేషన్’ పత్రికలో ఫలితం అచ్చయింది. వాళ్ళు ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, ఛాతీనీ పొట్టనీ బిగించేవాళ్ళు. దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గిపోయేది, మణికట్టు దగ్గర నాడి అందేది కాదు. కండరాల చప్పుడులో స్టెతస్కోపుకి గుండె చప్పుడూ వినపడేది కాదు. చూసేవాళ్ళకు గుండె ఆగినట్టే. ఈసీజీ కాగితం మీద మాత్రం అది నిక్షేపంగా కొట్టుకుంటూనే ఉంది.

మేనకోడలు: ఆ పేపర్లో నాలుగో యోగి సంగతి వదిలేశారు. అతను వేరే పద్ధతి పట్టి గుండెను బాగా నెమ్మదింపజేశాడు.

మావయ్య: వదల్లేదు. అది కూడా కండరాల ద్వారానే అయి ఉంటుందని వాళ్ళే రాశారు. 1970లో అమెరికాలో టొపీకాలోని మెనింజర్ ఫౌండేషన్లో స్వామి రామ చేసిందీ అలాంటిదే. పరీక్షించింది ఎల్మర్ గ్రీన్. నాడి అందలేదు కానీ గుండె ఆగలేదు, నిమిషానికి 300 వేగంతో కొట్టుకులాడింది. డాక్టర్లు ఏట్రియల్ ఫ్లటర్ అనేది అదే. దాదాపు 17 సెకన్లు సాగింది. అంత వేగంలో గుండెలో రక్తం నిండదు కాబట్టి నాడి అందదు. దాన్ని అదుపు అంటామా, ఆపద అంటామా?

మేనకోడలు: ఆ పని ఎవరూ చెయ్యకూడదు. నేను నేర్పేదానికీ దానికీ సంబంధం లేదు. అయితే మీ మాటల్లోనే నా వాదన ఉంది, చూడండి. యోగి మాట నమ్మినా, చేతితో నాడి పట్టి చూసినా తెలియని నిజాన్ని యంత్రం చెప్పింది. నేను యంత్రం పెట్టేదీ అందుకే. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి అది వీలివ్వదు.

మావయ్య: సరే, మోసం మాట వచ్చింది గనక నీల్ మిల్లర్ కథకు వద్దాం. మీ శాఖ మొత్తం ఆయన పేరు మీదే లేచింది.

ఇక్కడ మావయ్య కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. క్లాసులో చెప్పిన రోజులు గుర్తొచ్చాయేమో, గొంతు మారింది. ఈ కథ ఆయన చెప్పినంత వివరంగానూ రాస్తాను. విజ్ఞాన శాస్త్రంలో నిజాయితీ ఎలా ఉంటుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు కనపడలేదు.

మావయ్య: న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం, 1960ల చివరి భాగం. అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట ఏమిటంటే, బహుమతి ఇచ్చి చేతికీ కాలికీ కొత్త పని నేర్పవచ్చు గానీ గుండెకూ పేగులకూ నేర్పలేం అని. మిల్లర్ అది తప్పని చూపాలనుకున్నాడు. అయితే నేను ఇప్పుడు నిన్ను అడిగిన ప్రశ్న ఆయన తనను తాను ముందే వేసుకున్నాడు. ఎలుక ఊపిరి మార్చి, కండరాలు బిగించి గుండె వేగం మారిస్తే అది నేర్చుకున్నట్టు ఎలా అవుతుంది? అందుకని ఎలుకకు క్యురారే ఎక్కించాడు. ఇష్టంతో కదిలించే కండరాలన్నీ పడిపోతాయి, ఊపిరి కూడా ఆడదు. ఊపిరి యంత్రం ఆడిస్తుంది, అదీ ఒకే వేగంతో. ఇక ఎలుక తనంతట తాను కదిలించగలిగిన కండరం లేదు. మెదడులో సుఖం కలిగించే చోట సన్నని తీగ పెట్టి, గుండె వేగం కాస్త పెరగ్గానే చిన్న కరెంటు ఇచ్చేవాళ్ళు. అదే బహుమతి. ఇంకో గుంపులో వేగం తగ్గితే బహుమతి.

మేనకోడలు: రెండు గుంపులూ నేర్చుకున్నాయి.

మావయ్య: ఘనంగా నేర్చుకున్నాయి! లియో డికారా, మిల్లర్ కలిసి ఇంకా ముందుకెళ్ళారు. ఎలుక ఒక చెవిలో రక్తనాళాలను రెండో చెవి కంటే ఎక్కువ వెడల్పు చేసేలా కూడా నేర్పామని 1968లో రాశారు. 1969లో ‘సైన్స్’ పత్రికలో మిల్లర్ వ్యాసం వచ్చింది. అదే ఏడాది అమెరికాలో బయోఫీడ్‌బ్యాక్ రీసెర్చ్ సొసైటీ పుట్టింది. మందులు లేకుండా బీపీ తగ్గుతుందనీ, గుండె జబ్బులు పోతాయనీ పత్రికలు రాశాయి. తరవాత ఏమైంది? అదే ప్రయోగం మళ్ళీ చేస్తే ఏడాదికేడాది ఫలితం చిన్నదవుతూ వచ్చింది. చివరికి ఏమీ మిగల్లేదు. మిల్లర్, బ్యారీ డ్వోర్కిన్ ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. 1974లో ఇబ్బందులు బయటపెట్టారు. 1986లో ‘మళ్ళీ రాబట్టలేకపోయాం’ అని పేపరు శీర్షికలోనే పెట్టి అచ్చేశారు. ఊపిరినీ కండరాలనూ పక్కన పెడితే గుండె నేరుగా నేర్చుకుంటుందనడానికి ఆధారం పోయింది. పునాది కూలాక ఇల్లు ఎలా నిలిచిందో నువ్వు చెప్పాలి.

మేనకోడలు: కూలింది ఎలుకల పునాది, మావయ్యా. మనుషుల మీద జరిగింది విడిగా నిలబడింది. 1971లో బాల్టిమోర్‌లో వైస్, ఎంగెల్ చేసిన పని చూడండి. గుండె మధ్యమధ్యలో తొందరపడి అదనంగా కొట్టుకునే ఎనిమిది మంది రోగులు. మంచం మీద పడుకోబెట్టి ఎదురుగా లైట్లు పెట్టారు. ఆకుపచ్చ వెలిగితే వేగం పెంచాలి, ఎరుపు వెలిగితే తగ్గించాలి. చెప్పింది చేస్తున్నంతసేపూ పసుపు లైటు వెలుగుతుంది. ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురికి ఆ అదనపు స్పందనలు తగ్గాయి.

మావయ్య: ఎనిమిది మంది. పోల్చి చూసుకోవడానికి ఇంకో గుంపు లేదు. ఆ రోజుల్లోనే ఇంకో సంగతీ బయటపడింది. ఏ యంత్రమూ లేకుండా ఊరికే ‘గుండె వేగం పెంచు’ అని చెబితే కూడా జనం కాస్త పెంచగలిగారు. పెంచడం సులువు, తగ్గించడం కష్టం. తగ్గించమంటే రెండు మూడు స్పందనలు తగ్గేవి. ఆ మాత్రానికి యంత్రం దేనికి?

మేనకోడలు: అది నిజం. వేగం అంకెను కిందికి లాగడమే లక్ష్యం అనుకున్నంతకాలం ఆ శాస్త్రం అక్కడే ఆగిపోయింది. దారి మార్చింది సోవియట్ యూనియన్లో ఎవ్‌గెనీ వాషిల్లో. 1980ల మొదట్లో ఆయన గుండె వేగాన్ని అలలా పైకీ కిందికీ ఊపించి చూశాడు. అన్ని ఊపులకూ గుండె ఒకేలా స్పందించదు. పది సెకన్లకు ఒక అల చొప్పున ఊపితే మాత్రం ఊపు అమాంతం పెద్దదవుతుంది. ఎందుకో మీకే బాగా తెలుసు.

మావయ్య: బారోరిఫ్లెక్స్. మెడలో కారోటిడ్ ధమని దగ్గరా, బృహద్ధమని వంపు దగ్గరా రక్తపోటును పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. పోటు పెరిగితే వేగస్ ద్వారా గుండె నెమ్మదిస్తుంది. దాని ఫలితం రక్తపోటులో కనపడడానికి సుమారు ఐదు సెకన్లు, తిరిగి రావడానికి ఇంకో ఐదు.

మేనకోడలు: ఊపిరి లోపలికి తీస్తే గుండె వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. 1847లోనే కార్ల్ లుడ్విగ్ రాసిన సంగతి ఇది. నిమిషానికి ఆరు ఊపిరులు తీస్తే ఊపిరి అల కూడా పది సెకన్లే, మీరు చెప్పిన చక్రమూ పది సెకన్లే. ఉయ్యాల వెనక్కి వచ్చిన క్షణానికే తోస్తే ఎంత ఎత్తుకు లేస్తుందో, గుండె వేగం కూడా అంత ఎత్తున ఊగుతుంది. తరవాత వాషిల్లో అమెరికా వెళ్ళి న్యూజెర్సీలో పాల్ లెహ్రర్‌తో కలిసి, ఎవరికి ఏ వేగం సరిపడుతుందో పట్టుకునే పద్ధతిని 2000లో శిక్షణ పుస్తకంగా రాశారు. పెద్దవాళ్ళలో అది నాలుగున్నర నుంచి ఆరున్నర ఊపిరుల మధ్య ఉంటుంది. మనిషికో లెక్క.

మావయ్య: నువ్వు చేసేది చెప్పు. పుస్తకంలోది నాకెందుకు?

మేనకోడలు: బ్యాంకులో క్యాష్ కౌంటర్లో పనిచేసే ఒకావిడ వచ్చింది. లైను పెరిగితే చాలు గుండె దడదడలాడుతుంది, నోట్లు లెక్కపెట్టే చెయ్యి వణుకుతుంది. కార్డియాలజిస్టు అన్ని పరీక్షలూ చేసి గుండెలో ఏ లోపమూ లేదని చెప్పాకే నా దగ్గరికి పంపారు. చెవికి క్లిప్పు, పొట్ట చుట్టూ ఊపిరి కొలిచే బెల్టు పెట్టాను. తెర మీద ఎర్రగీత గుండె వేగం, నీలిగీత ఊపిరి. కూర్చున్నప్పుడు నాడి 92. ఊపిరి పై పైన, నిమిషానికి పద్దెనిమిది. ఎర్రగీత గరగరలాడుతూ ఒక తీరు లేకుండా పోతోంది. నెమ్మదిగా ఊపిరి తియ్యమన్నాను. వెంటనే ఏం చేసిందో తెలుసా? భుజాలు పైకెత్తి, ఛాతీ నిండా గాలి పీల్చి గట్టిగా వదిలింది. రెండు నిమిషాల్లో కళ్ళు తిరుగుతున్నాయంది, వేళ్ళు చిమచిమలాడుతున్నాయంది.

మావయ్య: కార్బన్ డయాక్సైడ్ పడిపోయింది. అతిగా ఊపిరి తీసింది.

మేనకోడలు: అవును. దాదాపు అందరూ మొదట చేసే తప్పు అదే. గాలి ఎక్కువ అక్కర్లేదు, నెమ్మది కావాలి. తీసుకునేది మామూలంత, వదిలేది ఇంకాస్త ఎక్కువసేపు. అలా చెప్పి ఆరున్నర, ఆరు, ఐదున్నర, ఐదు, నాలుగున్నర... ఒక్కో వేగంలో రెండేసి నిమిషాలు తీయించాను. ఐదున్నర దగ్గర గీత మారింది. 82 నుంచి 98 దాకా నున్నటి అల, ఊపిరి గీతతో జత కట్టి. ఆవిడ తెర వైపు చూసి ‘ఇది నేనేనా’ అని అడిగింది. ‘సాధించాలి’ అనుకుని కాస్త పట్టుబట్టగానే అల చెదిరిపోయింది. పట్టు వదిలితే మళ్ళీ వచ్చింది. ఈ పాఠం నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. తెర ఒక్కసారి చెబితే ఎక్కుతుంది.

మావయ్య: ఆగు. 82, 98. సగటు 90. మొదట ఎంత? 92. ఇంత హంగామా చేసి నువ్వు తగ్గించింది రెండు!

మేనకోడలు: తగ్గించడం కాదు, మావయ్యా. వేగస్ ఎంత బాగా లాగగలదో, ఎంత బాగా వదలగలదో, ఆ కసరత్తు చేయించాను. సగటు అంకె తగ్గాలంటే రోజూ చురుగ్గా నడవాలి, అది నేనూ చెబుతాను. ఆవిడ సమస్య 92 కాదు. దడ మొదలవగానే ‘నాకేదో అవుతోంది’ అన్న భయం, ఆ భయానికి అడ్రినలిన్, దానికి ఇంకా దడ. తన గుండె అంటే తనకే భయం. ఆ గుండె తన ఊపిరికి స్పందిస్తుందని కళ్ళారా చూసిన మనిషికి ఆ భయం అలాగే ఉండదు.

మావయ్య: సరే. అయితే యంత్రం ఎందుకు అని అడుగుతాను. 2001లో ఇటలీ నుంచి బెర్నార్డీ బృందం 23 మంది మీద చేసి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాసింది. లాటిన్‌లో మేరీమాత ప్రార్థన జపించినా, ‘ఓం మణిపద్మే హుం’ అని జపించినా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగి గుండె లయలో ఊపు పెరిగింది. క్లిప్పూ లేదు, తెరా లేదు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, తెల్లారగట్ల లలితా సహస్రనామం చదివేది. ఆవిడకు ఏ బెల్టు కట్టారు?

మేనకోడలు: అమ్మమ్మ చదివిన తీరు నాకూ గుర్తుంది. ఆవిడ ఊపిరి ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు గనక ఆరే అని నేను అనలేను, మీరూ అనకూడదు. పారాయణ హడావుడిగా చదివేవాళ్ళూ ఉంటారు కదా. ఇప్పటికే అలవాటు ఉన్నవాళ్ళకు యంత్రం అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఏ అలవాటూ లేక, అతిగా ఊపిరి తీసి కళ్ళు తిరిగి ‘ఇది నాకు పడదు’ అని మానేసేవాళ్ళకు కావాలి. అదీ కొన్ని వారాలే. తెర చూడకుండా కూడా ఆ అలను తెప్పించుకోగలిగిన రోజు శిక్షణ అయినట్టు. నా దగ్గరే ఏళ్ళ తరబడి క్లిప్పు పెట్టించుకుంటే నేను నేర్పనట్టు.

మావయ్య: ఈ మాట బాగుంది. మరి రుజువు? ఒకావిడ బాగుపడిందంటే నేను ఊరుకోను.

మేనకోడలు: 2017లో గెస్సల్, కర్టిస్, హోఫ్‌మన్ అప్పటిదాకా జరిగిన 24 అధ్యయనాలు కలిపి చూశారు. మొత్తం 484 మంది. ఆందోళన, ఒత్తిడి తగ్గడంలో ప్రభావం పెద్దదని తేలింది.

మావయ్య: 484ను 24తో భాగించు. అధ్యయనానికి ఇరవై మంది. చిన్న అధ్యయనాల్లో ప్రభావం తరచూ పెద్దగా కనపడుతుంది. పైగా చెవికి క్లిప్పు ఉందో లేదో రోగికి తెలియకుండా ఎలా దాస్తావు? మాత్రకైతే ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చవచ్చు.

మేనకోడలు: ఆ లోపం నిజమే. అందుకే ఆందోళన వరకూ గట్టిగా చెబుతాను. దానికి మించి నోరు జారను. లండన్లో చంద్రా పటేల్ 1975లో యోగా, బయోఫీడ్‌బ్యాక్ కలిపి 34 మంది బీపీ రోగుల మీద చేసింది మీకూ తెలుసు. ఆరు వారాల్లో శిక్షణ పొందినవాళ్ళ బీపీ 168/100 నుంచి 141/84కి దిగింది. మిగతావాళ్ళది 169/101 నుంచి 160/96కి. అంకెలు ముచ్చటగా ఉన్నాయి. అయినా అది చూపించి ‘బీపీ మాత్ర మానెయ్యండి’ అని నేను ఎవరికీ చెప్పను. అందులో యోగా పాలెంతో, యంత్రం పాలెంతో విడదీయలేం.

మావయ్య: నేను భయపడేది అక్కడే అమ్మా. నీలాంటివాళ్ళు చెప్పరు. ఫోనులో యాప్ చెబుతుంది. గుండె దడ అంటే ఆందోళనే కానక్కర్లేదు. థైరాయిడ్ ఎక్కువై ఉండవచ్చు. రక్తం తక్కువై ఉండవచ్చు, మన ఆడవాళ్ళలో అది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. ఎస్‌వీటీ అని, ఉన్నట్టుండి 180కి ఎగబాకే జబ్బు ఉండవచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు, దాన్ని వదిలేస్తే పక్షవాతం రావచ్చు. అలాంటి మనిషి ఫోను ముందు కూర్చుని ఆరు ఊపిరులు లెక్కపెట్టుకుంటుంటే?

మేనకోడలు: ఇందులో మీకూ నాకూ తేడా లేదు. లెహ్రర్ బృందం సంగతే చెబుతాను. ఉబ్బసానికి ఈ శిక్షణ మేలు చేస్తుందని 2004లో 94 మంది మీద చేసి రాసింది వాళ్ళే. స్టెరాయిడ్ మందు బదులు ఇది సరిపోతుందా అని పరీక్షించి, సరిపోదు అని 2018లో శీర్షికలోనే రాసిందీ వాళ్ళే. మిల్లర్ గురించి మీరు చెప్పిన గుణం ఈ శాఖలో చచ్చిపోలేదు, మావయ్యా.

మావయ్య: ఆ పేపరు నాకు పంపు. చదువుతాను.

ఆయన ఇప్పటికీ దాన్ని గుండె అదుపు అనరు, ఊపిరి శిక్షణ అనే అంటారు. ఆమె దగ్గరికి ఇద్దరు పాత విద్యార్థులను పంపారని మాత్రం తరవాత తెలిసింది. నాకు తోచింది చెబుతాను. గుండె నేరుగా మన మాట వినదన్నది మావయ్య గెలిచిన వాదన. మిల్లర్ ఎలుకల తరవాత దాన్ని తిరగదోడలేం. కానీ రోగి కోణం నుంచి చూస్తే ఆ గెలుపు చిన్నది. ఊపిరి దారిన వెళ్ళినా, దడకు భయపడి ఉద్యోగం మానేద్దామనుకున్న మనిషి మళ్ళీ కౌంటర్లో కూర్చోగలిగితే ఆ శిక్షణ విలువైనదే. దాన్ని ఆస్పత్రుల్లో నేర్పాలి, తక్కువ ఖర్చుతో నేర్పాలి. ప్రస్తుతం అది డబ్బున్నవాళ్ళకు అందుతోంది, లేదా ఏ పరీక్షా లేకుండా యాప్‌ల ద్వారా అందుతోంది. రెండూ న్యాయం కావు.

గుండె దడతో బాధపడుతున్నవాళ్ళు ముందు డాక్టరుకు చూపించుకోండి. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. ఛాతీలో నొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం, స్పృహ తప్పడం ఉంటే ఒక్క పూట కూడా ఆగకండి. గుండెలో లోపం లేదని తేలాక ఈ శిక్షణకు వెళ్ళండి. నేర్పేవారు ఏం చదువుకున్నారో అడగండి. ఇప్పటికే వాడుతున్న మాత్రలను డాక్టరు చెప్పకుండా మానకండి.